ఒకే ఊపిరిలో ఎంతవరకు: జీబీఎస్ నుంచి సన్నాయి దాకా

ఈ సంగతులు రాయమని నన్నెవరూ అడగలేదు. ఉండబట్టలేక రాస్తున్నాను. చదివేవాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

ఆ రోజు బాపట్లలో పెళ్లి. ముహూర్తం పొద్దున పదిన్నరకు. నేను సన్నాయి, మా అక్క భర్త మస్తానరావు బావ డోలు. పద్దెనిమిదేళ్లుగా మేళానికి ఇద్దరం కలిసే వెళుతున్నాం. గట్టిమేళం అయ్యేదాకా నాకు ఏ తేడా తెలియలేదు. పైగా ఆ రోజు శ్రుతి బాగా కుదిరి, మంచి హుషారుగా వాయించాను. తలంబ్రాలయ్యాక భోజనానికి లేద్దామని చాప మీద నుంచి కాళ్లు చాపాను. రెండు పాదాలూ తిమ్మిరెక్కి ఉన్నాయి. మూడు గంటలు మఠం వేసుకుని కూర్చుంటే ఎవరికైనా ఎక్కుతుంది కదా అనుకున్నాను. లేచి నిలబడితే గచ్చు మీద దూది పరిచినట్టుగా ఉంది. చెప్పులు వేసుకుని పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి బావ పిలిచాడు.

"ఒరేయ్ కోటీ, ఒంటి చెప్పుతో ఎక్కడికిరా?"

కిందికి చూసుకున్నాను. కుడి పాదానికి చెప్పు లేదు. అది ఎప్పుడో జారిపోయింది, నాకు తెలియలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. వెళ్లి పప్పూ దోసకాయ పచ్చడీ వేసుకుని కడుపు నిండా తిన్నాం.

నా పేరు కోటేశ్వరరావు. నలభై ఒక్కేళ్లు. రేపల్లె పక్కన ఒక పల్లె మాది. నాన్న దగ్గర నేర్చుకున్న సన్నాయే నా బతుకుతెరువు. నా భార్య పద్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఇద్దరిలో ఎవరికీ నెల జీతం లేదు, కంపెనీ వాళ్లిచ్చే బీమా లేదు. ఆ రోజుదాకా ఆసుపత్రి గడప తొక్కే అవసరమూ రాలేదు.

మర్నాడు పొద్దున బాత్రూంలో కూర్చున్నవాణ్ని లేవలేకపోయాను. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని ఎలాగో బయటపడ్డాను. దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్ ఉంటే వెళ్లాం. "బాగా అలిసిపోయారు. నీరసం" అని అక్కడి డాక్టర్ గారు రెండు సెలైన్లు, బలానికి ఒక ఇంజెక్షన్ పెట్టించారు. మూడో రోజుకు మెట్టు ఎక్కాలంటే తొడను చేత్తో ఎత్తి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం సన్నాయి చేతిలోకి తీసుకుంటే వేళ్లు రంధ్రాల మీద పూర్తిగా ఆనడం లేదు. పక్కనుంచి గాలి పోయి స్వరం చీలింది. అప్పుడు భయం వేసింది.

మళ్లీ నర్సింగ్ హోముకు వెళితే ఈసారి వెన్నుపూస అన్నారు. "నరం నొక్కుకుని ఉండొచ్చు. విజయవాడ వెళ్లి ఎమ్మారై తీయించండి. ఆసుపత్రి పేరు రాసిస్తాను, చేరేటప్పుడు అడ్వాన్సు కట్టాల్సి ఉంటుంది" అన్నారు. ఎంత అని బావ అడిగాడు. విని, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మా వీధి ఆశా కార్యకర్త సామ్రాజ్యం అక్క అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను ఇద్దరు పట్టుకుని ఆటో దింపడం చూసి లేచింది.

"ఏంటి తమ్ముడూ, మొన్నటిదాకా బాగానే ఉన్నావుగా? పొద్దున్నే మన పీహెచ్‌సీకి తీసుకెళ్దాం పద్మా. కొత్త డాక్టరమ్మ వచ్చింది. చూపిస్తే పోయేదేముంది?"

నిజం చెప్పాలి. పీహెచ్‌సీ అంటే పిల్లల టీకాలకూ, ముసలివాళ్ల బీపీ మాత్రలకూ అని నాకు చులకన. ఎమ్మారై తీయించమన్న జబ్బుకు పీహెచ్‌సీ ఏం చేస్తుందిలే అనుకున్నాను. అయినా విజయవాడ బయల్దేరడానికి చేతిలో డబ్బు ఆడలేదు. ఆ డబ్బు లేకపోవడమే నన్ను బతికించింది.

డాక్టరమ్మకు పాతికేళ్లు దాటి ఉంటాయేమో. చెప్పింది మొత్తం విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. తర్వాత మూడే ప్రశ్నలు.

"కింద మొదలై పైకి వచ్చిందా, పైనుంచి కిందికా?"

"కింద నుంచేనండి. ముందు పాదాలు, తర్వాత తొడలు, ఇప్పుడు చేతులు."

"రెండు వైపులా ఒకేలా ఉందా?"

"ఒకేలా ఉందండి."

"రెండు మూడు వారాల కిందట జ్వరం గానీ విరేచనాలు గానీ అయ్యాయా?"

పద్మా నేనూ మొహాలు చూసుకున్నాం. అయ్యాయి. ఒక గృహప్రవేశంలో తిని వచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. ఈవిడకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

డాక్టరమ్మ సొరుగులో నుంచి రబ్బరు తల ఉన్న చిన్న సుత్తి తీశారు. నన్ను బల్ల మీద కాళ్లు వేలాడేసి కూర్చోమని మోకాలి చిప్ప కింద కొట్టారు. ఏమీ జరగలేదు. ఇంకో మోకాలి మీదా కొట్టారు. ఏమీ లేదు. అప్పుడు బావను నా పక్కన కూర్చోమని ఆయన మోకాలి కింద కొట్టారు. బావ కాలు ఎగిరి ఎదురుగా ఉన్న స్టూలును తన్నింది.

"నేను లేపలేదండి, అదే లేచింది" అన్నాడు బావ.

"అవునండి, అలా లేవాలి. ఈయనకు లేవట్లేదు" అని ఆవిడ నా వైపు తిరిగారు. "ఇది నీరసం కాదు. జీబీఎస్ అని నా అనుమానం. గియాన్ బారే సిండ్రోమ్ అంటారు. అరుదైన జబ్బు, అందుకే వెంటనే ఎవరికీ తట్టదు. నేను చదువుకునేటప్పుడు వార్డులో ముగ్గుర్ని చూశాను. ఇది పైకి పాకుతుంది. ఊపిరి తీసుకునే కండరాల దాకా వెళితే వెంటిలేటర్ కావాలి. నా దగ్గర లేదు. మీకు సెలైన్ పెట్టిన చోటా లేదు. వెంటిలేటర్ ఉన్న చోట ఉండాలి మీరు. రేపు కాదు, ఇవ్వాళే."

ఊపిరి అనే మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నా కూడూ గుడ్డా అన్నీ ఊపిరిలో ఉన్నాయి.

ఆవిడ అప్పటికే ఫోనులో ఉన్నారు. పెద్దాసుపత్రిలో పనిచేసే తన క్లాస్‌మేట్‌తో మాట్లాడుతున్నారు. "రిఫ్లెక్సులు లేవు, నాలుగో రోజు, పంపిస్తున్నాను, ఐసీయూలో చెప్పి ఉంచు" అంటున్నారు. ఆ ఫోను పెట్టి ప్రభుత్వ అంబులెన్సుకు చేశారు. ఇరవై నిమిషాల్లో వచ్చింది. పీహెచ్‌సీలో ఆ ఉదయం అయిన ఖర్చు మేం వచ్చిన ఆటో చార్జీ మాత్రమే.

అంబులెన్సు తెనాలి మీదుగా వెళ్లింది. వెనక బావ బండి మీద వస్తున్నాడు. తెనాలిలో ఆగినప్పుడు అద్దంలోంచి చూస్తే, బండి పక్కకు ఆపి ఎవరికో ఫోను చేసి చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాడు. ఆ వారంలో ఒప్పుకున్న పెళ్లిళ్లకు ఇంకో సన్నాయి మనిషిని కుదురుస్తున్నాడని తర్వాత తెలిసింది.

పెద్దాసుపత్రి అత్యవసర వార్డులో చాలా జనం ఉన్నారు. అంతమందిలోనూ మా పేరు పిలిచారు, ఫోను ముందే వచ్చింది కాబట్టి. ఒక డ్యూటీ డాక్టర్ మేడం వచ్చి చేతులు లాగించి, కాళ్లు తోయించి చూశారు. తర్వాత ఇలా అన్నారు.

"గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి. ఎంతవరకు వస్తే అంతవరకు."

లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి దగ్గర ఆగిపోయింది.

"బాగుంది. ఇరవై దాటితే ప్రస్తుతానికి మాకు భయం లేదు. వార్డులో పెడదాం" అంటూ రాస్తున్నారు.

పద్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ వేళ మాత్రం మేడం ముందుకు వచ్చి నిలబడింది.

"మేడం, ఆయన సన్నాయి వాయిస్తారండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఒకే ఊపిరిలో స్వరం పట్టుకుని నిలబెడతారు. నేను వంటింట్లో పని చేసుకుంటా లెక్కపెడతానండి, సరదాకి. అరవై దాటుద్దండి ఎప్పుడూ. ముప్ఫై ఒకటంటే ఈయనకి చాలా తక్కువండి."

మేడం కలం ఆగింది. "అరవయ్యా?"

"అవునండి. రోజూ."

"అంటే సగం పోయిందన్నమాట" అని మేడం నెమ్మదిగా అన్నారు. రాసినదాన్ని కొట్టేశారు. "మీరు చెప్పకపోతే నేను దీన్ని నార్మల్ అనుకునేదాన్ని. వార్డు వద్దు. ఐసీయూలోనే ఉంచుదాం. గంటగంటకూ లెక్కపెట్టించండి సిస్టర్."

పద్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ రోజు నా ఊపిరి గురించి అంత పెద్ద ఆసుపత్రిలో అందరికన్నా తనకే ఎక్కువ తెలుసు. మేడం గొప్పతనం ఏంటంటే, ఆవిడ ఆ మాట వినిపించుకున్నారు.

మర్నాడు పొద్దున లెక్క ఇరవై రెండు. పదకొండింటికి పదహారు. మధ్యాహ్నం భోజనాల వేళకు పది. నన్ను వార్డులో పెట్టి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించను.

ఆ మధ్యలోనే పరీక్షలు జరిగాయి. నడుము దగ్గర సూది గుచ్చి వెన్నులోని నీరు తీశారు. చేతులకూ కాళ్లకూ చిన్న చిన్న షాకులిచ్చి నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. న్యూరాలజీ సార్ వచ్చి వివరంగా చెప్పారు. "కరెంటు వైరు మీద రబ్బరు తొడుగు ఉంటుంది కదా, మీ నరాల మీదా అలాంటి తొడుగు ఉంటుంది. విరేచనాలప్పుడు వచ్చిన క్రిమి మీద యుద్ధానికి బయల్దేరిన మీ రక్షణ సైన్యం పొరపాటున ఈ తొడుగును కొరుకుతోంది. ఐవీఐజీ అనే మందు ఎక్కిస్తే ఆ దాడి ఆగుతుంది. ఐదు రోజులు. తొడుగు మళ్లీ మొలుస్తుంది, కాకపోతే నెమ్మదిగా."

ఆ మందు బయట కొంటే నా బరువుకు మూడు నాలుగు లక్షలవుతుంది, ఐసీయూ ఖర్చు వేరే అని పక్క మంచం వాళ్ల బంధువు బావతో చెప్పాడట. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద అంతా ఉచితమని సార్ అన్నారు. కార్డు పట్టుకుని బావ కౌంటరుకు వెళ్లాడు. అక్కడ చిక్కొచ్చింది. కార్డులో నా పేరు కోటేశ్వరరావు, ఆధార్‌లో కోటయ్య. ఇద్దరూ ఒకడేనని మా ఊరి సచివాలయం నుంచి కాగితం కావాలన్నారు.

బావ ఒక్క క్షణం కూడా వాదించలేదట. నేరుగా వెళ్లి బండి స్టార్ట్ చేశాడు. రేపల్లె వైపు అంత దూరం మండుటెండలో వెళ్లి, సచివాలయంలో కాగితం రాయించి, సంతకం పెట్టించి, ఫోటో తీసి కౌంటరుకు పంపాడు. తర్వాత అసలు కాగితం చొక్కాలో పెట్టుకుని మళ్లీ అంత దూరమూ వెనక్కి వచ్చాడు. ఇక్కడ సార్ ఆ కాగితం కోసం కూర్చోలేదు. "పేరు సంగతి తర్వాత. ఆసుపత్రి స్టాకులో నుంచి మొదటి రోజు డోసు మొదలుపెట్టండి" అన్నారు. బావ చెమటలు కక్కుతూ లోపలికి వచ్చేసరికి మందు చుక్క చుక్కగా నా చేతిలోకి ఎక్కుతోంది. తలుపు అద్దంలోంచి ఆ సీసాను చూసి ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడని పద్మ చెప్పింది.

ఆ సాయంత్రమే లెక్క ఎనిమిదికి పడింది. గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టారు.

పదకొండు రోజులు. మెలకువగా ఉన్నప్పుడు అన్నీ వినపడేవి. మాట లేదు, చేతులు లేవవు, మొహం కండరాలు కూడా పడిపోవడంతో కనురెప్పలు పూర్తిగా మూతపడేవి కావు. సిస్టర్లు కళ్లకు మందు రాసి, రెప్పల మీద పట్టీ అతికించేవాళ్లు. నేను ఉన్నానో లేనో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. ఒళ్లంతటిలో కుడి చూపుడువేలు మాత్రం నూలుపోగంత కదిలేది. ఏం చేయాలో తోచక దానితో ఆది తాళం వేసుకుంటూ ఉండేవాణ్ని. మొత్తం ఎనిమిది దెబ్బలు. మళ్లీ మొదటి నుంచి.

నాలుగో రోజు బావను పది నిమిషాలు లోపలికి రానిచ్చారు. నా చేతి మీద చేయి వేసి ఏవేవో ధైర్యాలు చెబుతున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. డోలు వాయించే చేయి కదా ఆయనది.

"సిస్టర్, ఇటు రండి. వీడు తాళం వేస్తున్నాడండి."

"నరాలు అలా అదురుతుంటాయండి" అంది సిస్టర్.

"అదురు కాదమ్మా. లెక్క తప్పట్లేదు. చూడండి" అని ఆయన మంచం ఇనుప కడ్డీ మీద నెమ్మదిగా నాలుగు కొట్టి ఆపేశాడు. మిగతా నాలుగూ నేను వేశాను.

ఆ సిస్టర్ పరిగెత్తి డ్యూటీ డాక్టరును పిలుచుకొచ్చింది. అప్పటినుంచి నాకు మాట వచ్చినట్టే. ఒకసారి కదిపితే అవును, రెండుసార్లు కదిపితే కాదు. నొప్పిగా ఉందా, తల ఎత్తు తగ్గించాలా, దురదా, దాహమా అని అన్నీ అడిగేవారు. పద్మ అయితే ఇంటి సంగతులన్నీ చెప్పి ప్రతిదానికీ నా అభిప్రాయం అడిగేది. పాలవాణ్ని మార్చనా అని కూడా అడిగింది.

తొమ్మిదో రోజు ఐసీయూ పెద్ద సార్ బావను బయటికి పిలిచారు. ట్యూబు ఎక్కువ రోజులు ఉంచకూడదు, ఇంకా ఆలస్యమైతే మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడినుంచి గాలి ఇవ్వాలి, దాన్ని ట్రకియాస్టమీ అంటారు, సంతకం కావాలి అన్నారు. బావ చేతులు జోడించాడట.

"సార్, వాడి గొంతులోంచి వచ్చే గాలితోనే మా రెండిళ్లూ నడుస్తున్నాయండి."

"నాకు తెలుసండి. ప్రాణం కన్నా అది ఎక్కువ కాదు. అయినా ఇవ్వాళ ఆయన సొంతంగా ఊపిరి తీసే ప్రయత్నం కొంచెం కనిపిస్తోంది. రెండు రోజులు చూద్దాం. అప్పటికీ కాకపోతే మీరు అడ్డు చెప్పకూడదు" అన్నారు సార్.

బావ సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం వాడే అవసరం రాలేదు. పదో రోజు మిషను సాయం తగ్గించి అరగంట, తర్వాత రెండు గంటలు వదిలి చూశారు. పదకొండో రోజు మధ్యాహ్నం ట్యూబు తీసేశారు. గొంతులో ఇసుక పోసినట్టు మంట. సిస్టర్ లెక్కపెట్టమంది. పదకొండు దాకా వచ్చింది. బొంగురు గొంతుతో పదకొండంకెలు చెప్పినప్పుడు కలిగినంత ఆనందం నేను ఏ కచేరీలోనూ పొందలేదు.

వార్డుకు మార్చారు. కాళ్లు ఇంకా దుంగల్లాగే ఉన్నాయి. పదిహేడో రోజు పద్మ నాకు ఇడ్లీ చిదిపి పెడుతూ ఆగింది. "ఏవండీ, మీ బొటనవేలు కదిలింది" అంది. లేదన్నాను. మళ్లీ కదిలించమంది. మనసంతా అక్కడ పెట్టి చూశాను. ఎడమ బొటనవేలు నిజంగానే వంగింది. పక్క మంచం తాతగారు చూశారు. ఆయన కోడలు చూసింది. ఎదురు మంచం వాళ్లకు చెప్పింది. పది నిమిషాల్లో సగం వార్డు నా మంచం కాళ్ల దగ్గర నిలబడి నా వేలు చూసింది. నేను కదిలించిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇదిగో, మళ్లీ" అంటున్నారు.

ముప్ఫై నాలుగో రోజు చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మందులకూ ఐసీయూకూ పరీక్షలకూ మేం రూపాయి కట్టలేదు. అది నిజం. కానీ ఉచిత వైద్యం అంటే ఇంటికి ఖర్చు లేదని కాదు. పద్మ ముప్ఫై నాలుగు రోజులు కుట్టు మిషను ముట్టలేదు. ఆసుపత్రి బయట ఆవిడ తిండి, బావ పెట్రోలు, డైపర్లు, ఇంటికి తెచ్చిన కారు కిరాయి, అన్నీ మేమే పెట్టుకున్నాం. బావ నా బదులు వేరే మనిషితో మేళాలకు వెళ్లి, తన వాటాలో కొంత ప్రతిసారీ పద్మ చేతిలో పెట్టేవాడు. వద్దంటే, "రేపు నా చేయి విరిగితే నువ్వు పెట్టవా చెల్లెమ్మా" అనేవాడు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్లాలి. రైలు మెట్ల మీద ఆయనే నన్ను ఎత్తి పెట్టేవాడు. మా ఊరి దగ్గరే ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే ఆ ప్రయాణాలు ఉండేవి కావు. ఎత్తి పెట్టే బావ లేనివాళ్లు మధ్యలోనే మానేస్తారు. అలా మానేసినవాళ్లను ఇద్దరిని నేనే చూశాను.

తెనాలి ఫిజియోథెరపీ సార్ కాళ్ల కన్నా ముందు నా మూతి పట్టుకున్నారు. పెదవులు రెండూ కలిసేవి కావు. నీళ్లు తాగితే చొక్కా తడిసేది. సన్నాయి చివర నోట పెట్టుకునే పీకను పెదవులతో బిగించి పట్టాలి, అది పోతే ఊపిరి ఎంత ఉన్నా నాదం రాదు. సార్ గ్లాసులో నీళ్లు పోసి స్ట్రా ఇచ్చి ఊదమన్నారు. గాలంతా పక్కలనుంచి పోయింది. అలా మూడు వారాలు. నాలుగో వారం ఒక రోజు గ్లాసులో ఒక్క బుడగ లేచింది. సార్ గడియారం చూసుకోకుండా ఆ రోజు నాతో అరగంట ఎక్కువ కూర్చున్నారు.

"ఇంకా మూడు నెలలు సన్నాయి ముట్టుకోకండి. కండరం ఇప్పుడే మేలుకుంటోంది. దాన్ని పరిగెత్తించొద్దు" అని గట్టిగా చెప్పారు.

నేను వినలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి ఊదాను. కీచుగా ఏదో వచ్చింది. ఆ ఉత్సాహంలో ఇంకో పావుగంట ఊదాను. మర్నాటికి మూతి మొత్తం వంకర పోయి, మూడు రోజులు అన్నం నమలలేకపోయాను. అదే వారం పెరట్లో కర్ర లేకుండా నడవబోయి పడి మోచేయి పగిలింది. పద్మ సన్నాయిని గుడ్డలో చుట్టి బావ ఇంటికి పంపించేసింది. "సార్ చెప్పేదాకా అది అక్కడే ఉంటుంది" అంది.

సార్ చెప్పేసరికి ఐదు నెలలు పట్టింది. బావ సన్నాయి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మొదటి రోజు రెండు నిమిషాలే వాయించాలి అని షరతు. షడ్జమం పట్టుకున్నాను. నిలబడింది. వణికింది గానీ నిలబడింది. వంటింట్లోంచి పద్మ అంకెలు గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. పంతొమ్మిది దగ్గర తెగిపోయింది. బావ వెంటనే డోలు అందుకుని, స్వరం ఏదీ లేకుండానే ఆవేశంగా ఒక ముక్తాయింపు వాయించేశాడు. ఎదురింటివాళ్లు ఏం జరిగిందోనని బయటికి వచ్చారు.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. మొన్న చేబ్రోలులో ఒక ఉత్సవానికి వాయించాను. ఊరేగింపుతో నడవలేను కాబట్టి ట్రాలీ ఆటోలో కుర్చీ వేయించుకుని కూర్చుని వాయించాను. నా వెనకే నడుస్తూ వాయించే బావకు అది కొంచెం నామోషీగా ఉందంటాడు, నాకేం లేదు. పాదాల్లో ఇంకా తిమ్మిరి ఉంది. మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటాను. అలసిపోతే ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు. నలభై అయిదు దాకా లెక్క వస్తుంది. అరవై వస్తుందా అని సార్‌ను అడిగితే, "రావచ్చు, రాకపోవచ్చు. వాయిస్తున్నారు కదా" అన్నారు. వాయిస్తున్నాను. ఈ నెలలో నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకున్నాం.

నా సలహా ఒక్కటే. కాళ్లలో మొదలై రోజురోజుకూ పైకి పాకే బలహీనతను నీరసం అనుకుని ఇంట్లో కూర్చోకండి. సెలైన్ పెట్టించుకుని ఒక రోజు చూద్దామని అనుకోకండి. అదే రోజు, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ డాక్టరు దగ్గరికే అయినా సరే, వెళ్లి మోకాలి దగ్గర సుత్తితో కొట్టి చూడమని అడగండి.

పోయిన వారం కొల్లూరు నుంచి ఒకావిడ ఫోను చేసింది. చేబ్రోలులో నన్ను చూసినవాళ్లెవరో నంబరు ఇచ్చారట. ఏటి లంకలో అరటితోట వాళ్లది. భర్తకు నిన్నటినుంచి కాళ్లు పట్టు తప్పుతున్నాయని, ఈ పొద్దుటినుంచి చేతిలో గ్లాసు జారిపోతోందని చెప్పింది. "గెలలు కోతకొచ్చినయ్ అన్నయ్యా, రెండు రోజులాగి తీసుకెళ్దామనుకుంటన్నాం. ఏమంటారు?"

"గెలలు వదిలెయ్యమ్మా. ఇప్పుడు ఇంటి దగ్గర బండి ఏముంది?"

"ట్రాక్టరుంది."

"ఆయన్ని ట్రాక్టరు మీదే ఎక్కించి రోడ్డు దాకా తీసుకురా. ఈలోపు అంబులెన్సుకు నేను చేస్తాను. ఏ ఊరి రోడ్డు మీద ఎక్కడుంటారో చెప్పు."

చెప్పింది. ఫోను పెట్టెయ్యకుండానే పరిగెత్తినట్టుంది. ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.